అంకెకు అర్థమిచ్చే పట్టిక

ఉద్దేశం: సాంకేతిక విషయాన్ని తెలుగులో సుబోధకంగా వివరించే వ్యాసరచనను విద్యార్థులకు పరిచయం చేయడం, సంఖ్యల కేటాయింపు, నమోదు అనే పనుల వెనుక ఉన్న సామాజిక ఒప్పందాన్ని గ్రహింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

వికారాబాదు జిల్లాలో నవాబుపేట అనే మండలకేంద్రం ఉన్నది. మహబూబ్‌నగర్ జిల్లాలోనూ అదే పేరుతో మరొక మండలకేంద్రం ఉన్నది. కవరుపై "నవాబుపేట, తెలంగాణ" అని మాత్రమే రాసి తపాలాపెట్టెలో వేస్తే ఆ ఉత్తరం ఏ నవాబుపేటకు చేరాలి? దస్తూరి ఎంత ముత్యాలకోవగా ఉన్నా ఈ సందేహం తీరదు. ఊరి పేరు ఆత్మీయమైనదే. కాని పేరు ఒక్కటే చిరునామా కాజాలదు.

ఈ చిక్కును తీర్చడానికే భారత తపాలాశాఖ 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడును ప్రవేశపెట్టింది. దాని రూపకర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా, తంతి శాఖలో ఉన్నతాధికారి. సంస్కృతంలో రచనలు చేసిన కవి కూడా. పిన్‌కోడులో మొదటి అంకె ప్రాంతాన్ని తెలుపుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రాలకు ఆ అంకె 5. వికారాబాదు పట్టణానికి 501101, తాండూరుకు 501141 కేటాయించబడినవి. మహబూబ్‌నగర్ వైపు ఊళ్ల సంఖ్యలు 509తో మొదలవుతాయి. కాబట్టి మొదటి మూడంకెలు చూడగానే ఉత్తరాలను వేరుచేసే ఉద్యోగికి అది ఏ నవాబుపేటో బోధపడుతుంది.

కంప్యూటర్ల లోకంలోనూ ఇటువంటి సమస్యే ఏర్పడింది. పరిష్కారం కూడా ఇటువంటిదే. అయితే అక్కడ ఊరికి చేరితే చాలదు. ఊరిలో ఏ ద్వారం ముందు నిలబడాలో కూడా తెలియాలి. ఆ ద్వారానికి ఇచ్చిన సంఖ్యే పోర్టు సంఖ్య. దానిని ఎవరు ఇస్తారు? ఎలా ఇస్తారు? ఎక్కడ నమోదు చేస్తారు? నమోదు చేయకపోతే వచ్చే నష్టమేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలుసుకుందాం.

పోర్టు అంటే ఏమిటి?

ఒక పెద్ద రైల్వేస్టేషనును ఊహించండి. భవనం ఒక్కటే, దాని చిరునామా ఒక్కటే. లోపల సాధారణ టికెట్లు ఇచ్చే కిటికీ ఒకటి, రిజర్వేషను కిటికీ ఒకటి, విచారణల కిటికీ ఒకటి ఉంటాయి. ప్రయాణికుడు స్టేషనుకు చేరినంత మాత్రాన పని పూర్తి కాదు. తనకు కావలసిన కిటికీ దగ్గరకు వెళ్లాలి. ఇంటర్నెట్టుకు కలిసి ఉన్న ప్రతి కంప్యూటరూ అటువంటి భవనమే. దాని చిరునామాను ఐ.పి. చిరునామా అంటారు. ఆ ఒక్క కంప్యూటరే వెబ్‌పేజీలను పంపవచ్చు, ఉత్తరాలను స్వీకరించవచ్చు, సరైన సమయాన్ని చెప్పవచ్చు. వచ్చిన సమాచారపు పొట్లాన్ని వీటిలో ఏ సేవకు అందజేయాలో పొట్లంపై ఉన్న పోర్టు సంఖ్య తెలుపుతుంది. పోర్టు అనగానే కంప్యూటరు వెనుక తీగలు గుచ్చే రంధ్రాలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ చెప్పుకొనే పోర్టు కంటికి కనిపించేది కాదు; అది కేవలం ఒక సంఖ్య.

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన రోజున మీరు మీ ఫోనులో ఫలితాల పుటను తెరుస్తారు. మీకు తెలియకుండానే మీ ఫోను అవతలి కంప్యూటరులోని 443వ ద్వారాన్ని తడుతుంది. రహస్యలిపిలో భద్రంగా నడిచే వెబ్ సేవకు కేటాయించిన సంఖ్య అది. ఆ రక్షణ లేని వెబ్ సేవకు 80, ఉత్తరాలను ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు చేరవేసే సేవకు 25, పేర్లను చిరునామాలుగా మార్చే సేవకు 53, గడియారాలను సరిచేసే సేవకు 123 కేటాయించబడినవి. నవాబుపేటలోనైనా న్యూయార్కులోనైనా ఈ సంఖ్యలు ఇవే.

సమాధానం తిరిగి రావడానికి మీ ఫోనుకు కూడా ఒక ద్వారం కావాలి. ఫోను ఆ క్షణానికి తనకు తోచిన ఒక పెద్ద సంఖ్యను ఎంచుకుంటుంది. పని ముగియగానే వదిలివేస్తుంది. దానికి నమోదు అవసరం లేదు. ఎందుకంటే అవతలివారికి పంపే పొట్లంలోనే ఆ సంఖ్య రాసి ఉంటుంది. ముందుగా పరిచయం లేనివారు వెతుక్కుంటూ వచ్చే ద్వారానికే స్థిరమైన సంఖ్య కావాలి.

ఛందస్సులోని సంఖ్య, పోర్టు సంఖ్య

పోర్టు సంఖ్యకు పదహారు స్థానాలు ఉంటాయి. ఒక్కొక్క స్థానంలో సున్న గాని ఒకటి గాని ఉంటుంది. అందువల్ల ఏర్పడగల సంఖ్యలు మొత్తం 65,536. సున్న నుండి లెక్కించడం వల్ల చివరి పోర్టు సంఖ్య 65,535 అవుతుంది.

ఈ లెక్క తెలుగు విద్యార్థులకు కొత్తది కాదు. పాదానికి పదహారు అక్షరాలు గల ఛందస్సును లాక్షణికులు 'అష్టి' అన్నారు. ఒక్కొక్క అక్షరం గురువు గాని లఘువు గాని కావచ్చు. కనుక అష్టి ఛందంలో పుట్టగల వృత్తాలు కూడా 65,536. వాటన్నిటినీ ఒక క్రమంలో పరచడాన్ని ప్రస్తారం అంటారు. లఘువు, గురువు ఒకటి విడిచి ఒకటిగా నడిచే పంచచామర వృత్తం ఆ ప్రస్తారంలో 21,846వది. ఈ సంఖ్యను ఎవరూ దానికి ప్రసాదించలేదు. వృత్తం నడక తెలిస్తే చాలు, 'ఉద్దిష్టం' అనే పద్ధతితో దాని సంఖ్యను ఎవరైనా లెక్కగట్టవచ్చు. సంఖ్య తెలిస్తే 'నష్టం' అనే పద్ధతితో నడకను రాబట్టవచ్చు. రెండు ఊళ్లలో ఇద్దరు పండితులు వేర్వేరుగా లెక్కించినా ఒకే సమాధానం వస్తుంది.

పోర్టు సంఖ్య అటువంటిది కాదు. వెబ్ సేవ స్వరూపాన్ని ఎంత తరచి చూసినా దానిలో నుండి 80 అనే సంఖ్య పుట్టదు. ఉత్తరాల సేవలో 25ను సూచించే లక్షణమేదీ లేదు. ఎవరో ఒకరు "దీనికి ఇది" అని నిర్ణయించారు, తక్కినవారు సమ్మతించారు. అంటే వృత్తసంఖ్యకు ఆధారం గణితం. పోర్టు సంఖ్యకు ఆధారం ఒప్పందం. గణితానికి సాక్షి అక్కరలేదు. ఒప్పందానికి సాక్షి కావాలి. ఆ సాక్షి ఒక పట్టిక. ఈ భేదం గ్రహిస్తే తక్కిన విషయమంతా సులభంగా బోధపడుతుంది.

పట్టిక పుట్టుక

ఇంటర్నెట్టుకు పూర్వరూపమైన ఆర్పానెట్ 1969లో అమెరికాలోని నాలుగు కేంద్రాలను కలుపుతూ ప్రారంభమైనది. కేంద్రాలు పెరిగినకొద్దీ ఒక్కొక్కచోట ఒక్కొక్క సేవకు తోచిన సంఖ్య పెట్టుకొనే ప్రమాదం ఏర్పడింది. ఆ రోజులలో ఈ సంఖ్యలను సాకెట్ సంఖ్యలు అనేవారు. లాస్‌ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న జాన్ పోస్టెల్ 1972 మేలో ఒక చిన్న పత్రాన్ని వెలువరించారు. ఆర్.ఎఫ్.సి. అనే పేరుతో వరుసగా వెలువడుతున్న సాంకేతిక పత్రాలలో అది 349వది. సాకెట్ సంఖ్యలను పంచిపెట్టే వ్యక్తి ఒకరు ఉండాలని అందులో ఆయన ప్రతిపాదించారు. ఆ వ్యక్తిని తానే కావచ్చునేమో అన్న సూచనను ప్రశ్నార్థకంతో జతచేశారు. ప్రతిధ్వని చేసే సేవకు, అనగా పంపినదానిని పంపినట్లే తిప్పి పంపే సేవకు, 7వ సంఖ్యను. వచ్చినదానిని పారవేసే సేవకు 9వ సంఖ్యను ఆ పత్రంలో సూచించారు. ఆ రెండు సంఖ్యలూ నేటి పట్టికలోనూ ఆ రెండు సేవల పేరనే ఉన్నవి. మన దేశంలో పిన్‌కోడు పుట్టిన సంవత్సరమూ 1972 కావడం యాదృచ్ఛికమే అయినా గుర్తుంచుకోదగినది.

పోస్టెల్ ఆ పట్టికను సుమారు ఇరవైఆరేళ్లు కాపాడారు. తరువాతి కాలంలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచారశాస్త్ర సంస్థలో ఆయనతోపాటు జాయిస్ రేనాల్డ్స్ ఈ బాధ్యతను పంచుకొన్నారు. వారి పనికి ఇంటర్నెట్ అసైన్డ్ నంబర్స్ అథారిటీ అనే పేరు స్థిరపడింది. దానినే క్లుప్తంగా 'అయానా' అంటారు. పట్టికను కొంతకాలానికి ఒకసారి ఆర్.ఎఫ్.సి. పత్రంగా ప్రచురించేవారు. 1994 అక్టోబరులో వెలువడిన 1700వ పత్రం ఆ వరుసలో చివరిది. అచ్చయిన నాటికే పట్టిక పాతబడిపోతుండడంతో, దానిని ఎప్పటికప్పుడు సవరించే వీలుగా ఇంటర్నెట్టులోనే ఉంచారు. పోస్టెల్ 1998 అక్టోబరు 16న మరణించారు. అదే ఏడాది ఏర్పడిన ఐకాన్ అనే సంస్థకు అయానా బాధ్యతలు సంక్రమించాయి. ఒక వ్యక్తి విశ్వసనీయతపై నిలిచిన పని ఒక సంస్థ నియమావళిపై నిలబడింది.

బేసి సంఖ్యల రహస్యం

పాత సేవల సంఖ్యలను గమనిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. 7, 9, 21, 23, 25, 53, 79 - ఇవన్నీ బేసి సంఖ్యలు. దీనికి కారణమున్నది. ఆర్పానెట్టు తొలి పద్ధతిలో ఒక మార్గం ఒక్క దిక్కుకే పనిచేసేది. వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి చొప్పున ప్రతి సంభాషణకూ రెండు సంఖ్యలు, ఒక సరి, ఒక బేసి, అవసరమయ్యేవి. కాబట్టి సేవలకు ఒకటి విడిచి ఒకటిగా సంఖ్యలు ఇచ్చారు. 1983 జనవరి 1న ఆర్పానెట్టు టి.సి.పి. అనే కొత్త పద్ధతికి మారింది. ఇందులో ఒకే మార్గం రెండు దిక్కులా పనిచేస్తుంది. జతలు అక్కరలేకపోయాయి. మధ్యలోని సరిసంఖ్యలు చాలావరకు ఖాళీగా మిగిలిపోయాయి.

ఆ ఖాళీలలో ఒకదానికి కొంతకాలానికి గొప్ప పేరు వచ్చింది. 1995లో ఫిన్లాండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో చాటుగా ప్రవేశించి సంకేతపదాలను దొంగిలించారు. దూరపు కంప్యూటరులో పనిచేయడానికి వాడే 'టెల్నెట్' సేవ సంకేతపదాన్ని ఏ మరుగూ లేకుండా పంపేది. అక్కడి పరిశోధకుడు తాతు ఉల్యోనెన్ దీనికి విరుగుడుగా రహస్యలిపిలో నడిచే 'ఎస్.ఎస్.హెచ్.' అనే ప్రోగ్రామును రచించారు. ఫైళ్లను చేరవేసే సేవకు 21, టెల్నెట్టుకు 23 ఉన్నవి. రెండింటి పనినీ భద్రంగా చేయగల తన ప్రోగ్రాముకు మధ్యలోని 22 దొరికితే బాగుండునని ఆయన భావించారు. ఆ సంఖ్యను తనంతట తాను వాడుకొని ఉంటే ఆపగలవారు లేరు. కాని ఆయన 1995 జూలై 10న అయానాకు ఒక చిన్న ఉత్తరం రాశారు. మరునాడే జాయిస్ రేనాల్డ్స్ నుండి 22ను కేటాయించినట్లు జవాబు వచ్చింది. నేడు ప్రపంచమంతటా సర్వర్ల నిర్వాహకులు నిత్యం వాడే ద్వారం అదే. అడగడానికి ఒక రోజు, ఇవ్వడానికి ఒక రోజు. ఆ రెండు రోజుల మర్యాద మూడు దశాబ్దాల పాటు తగాదా లేకుండా చేసింది.

మూడు భాగాలు

నేడు పోర్టు సంఖ్యల కేటాయింపును నడిపే నియమావళి 2011 ఆగస్టులో వెలువడిన 6335వ ఆర్.ఎఫ్.సి. పత్రం. దాని ప్రకారం సంఖ్యలు మూడు భాగాలు.

మొదటిది సున్న నుండి 1023 వరకు గల వ్యవస్థాపోర్టులు. అందరికీ ఉపయోగపడే మౌలిక సేవలకు ఇవి ఉద్దేశించబడినవి. యూనిక్స్ సంప్రదాయానికి చెందిన కంప్యూటర్లలో ఈ సంఖ్యలను వాడే అధికారం నిర్వాహకునికే ఉండేది. ఇవి తక్కువ కాబట్టి వీటిని పొందడం కష్టం. ఇంటర్నెట్టు ప్రమాణాలను రూపొందించే ఐ.ఇ.టి.ఎఫ్. అనే సంఘం గాని, దాని సారథ్య మండలి గాని ఆమోదిస్తేనే వీటిని ఇస్తారు.

రెండవది 1024 నుండి 49151 వరకు గల వినియోగదారుల పోర్టులు. సంస్థలు, విద్యాలయాలు, స్వతంత్రంగా ప్రోగ్రాములు రాసే వ్యక్తులు కూడా వీటికి దరఖాస్తు చేయవచ్చు. నిపుణుడు పరిశీలించి సిఫారసు చేస్తే సంఖ్య లభిస్తుంది.

మూడవది 49152 నుండి 65535 వరకు గల తాత్కాలిక పోర్టులు. వీటిని ఎవరికీ కేటాయించరు. ఊరి ఉమ్మడి మైదానం వంటివి ఇవి. ఎవరైనా కాసేపు వాడుకొని లేచిపోవచ్చు, పాతుకుపోరాదు.

దరఖాస్తు నుండి నమోదు వరకు

దరఖాస్తుకు రుసుము లేదు. కావలసినది వివరణ. దరఖాస్తుదారుడు తన పేరు, సంప్రదించవలసిన చిరునామా, సేవ పేరు, అది చేసే పని, అది వాడే రవాణా పద్ధతి తెలియజేయాలి. సేవ పేరు పదిహేను అక్షరాలకు మించరాదు. అందులో రోమన్ లిపి అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే ఉండవచ్చు. కనీసం ఒక అక్షరమైనా ఉండాలి. స్థిరమైన సంఖ్య ఎందుకు అవసరమో, తాత్కాలిక పోర్టుతోగాని ఇప్పటికే ఉన్న సేవతోగాని పని ఎందుకు జరగదో వివరించాలి.

నిపుణుడు పొదుపును ప్రధానంగా చూస్తాడు. ఒక సేవకు ఒక సంఖ్యే ఇవ్వడం సాధారణ నియమం. కొత్త కూర్పు వెలువడినదని మరొక సంఖ్య ఇవ్వరు. కూర్పుల భేదాన్ని సంభాషణలోపలే తేల్చుకోవాలి. సంఖ్య అవసరం లేక పేరు మాత్రమే చాలినచోట పేరునే నమోదు చేస్తారు. 2011లో నియమావళి వెలువడేనాటికి వ్యవస్థాపోర్టులలో సుమారు 76 శాతం, వినియోగదారుల పోర్టులలో సుమారు 9 శాతం కేటాయించబడి ఉన్నవి. మిగిలినవి ఎన్నో ఉన్నట్లు తోచవచ్చు. కాని పోర్టు సంఖ్యకు ఉన్న పదహారు స్థానాలను పదిహేడు చేయాలంటే ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటినీ మార్చాలి. బావి లోతు తెలిసినవాడు చేదను జాగ్రత్తగా వాడతాడు.

ఆమోదం పొందిన సంఖ్యను అయానా తన బహిరంగ పట్టికలో చేర్చుతుంది. దానిని ప్రపంచంలో ఎవరైనా చదవవచ్చు. ఆ పట్టికకు సంక్షిప్తరూపం వంటి 'సర్వీసెస్' అనే ఫైలు అనేక కంప్యూటర్లలో ముందుగానే నిక్షిప్తమై ఉంటుంది.

తొందరపాటుతో కలిగిన చిక్కు: 465 కథ

పట్టికలో ఒక మార్పు జరిగితే లోకం వెంటనే మారదు. వికారాబాదు జిల్లా రోడ్లనే చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో రంగారెడ్డి జిల్లా వాహనాలకు ఏపీ 28 గుర్తు ఉండేది. 2014లో తెలంగాణ ఏర్పడగా టీఎస్ అక్షరాలు వచ్చాయి. 2016 అక్టోబరులో వికారాబాదు జిల్లా ఏర్పడి 34వ సంఖ్య పొందింది. 2024 మార్చి నుండి కొత్త వాహనాలకు టీజీ అక్షరాలు ఇస్తున్నారు. పాత పలకలు చెల్లకుండా పోలేదు. అందుచేత నవాబుపేటలోని ఒకే వీధిలో ఏపీ 28, టీఎస్ 34, టీజీ 34 పలకలు గల బండ్లు పక్కపక్కనే నిలిచి ఉండవచ్చు. పాత గుర్తులను వేరెవరికీ ఇవ్వలేదు కాబట్టి గందరగోళం లేదు.

465వ పోర్టు విషయంలో ఈ జాగ్రత్త లోపించింది. 1997 ఆరంభంలో ఉత్తరాలను రహస్యలిపిలో పంపే సేవకు ఆ సంఖ్యను నమోదు చేశారు. భద్రత కోసం ప్రతి సేవకూ రెండవ సంఖ్య ఇస్తూ పోతే సంఖ్యలు త్వరగా తరిగిపోతాయనే అభిప్రాయం అంతలోనే బలపడింది. పాత ద్వారంలోనే సంభాషణ మొదలుపెట్టి, మధ్యలో రహస్యలిపికి మారే పద్ధతి సిద్ధమైనది. దానితో 1998 చివరలో 465 కేటాయింపును రద్దు చేశారు. తరువాత ఆ సంఖ్యను ఏమాత్రం సంబంధం లేని వేరొక సేవకు ఇచ్చారు.

కాగితంపై వ్యవహారం ముగిసింది. కాని ఉత్తరాల ప్రోగ్రాములు అప్పటికే 465కు అలవాటుపడి ఉన్నవి. రద్దు సంగతి వాటికి పట్టలేదు. కోట్ల ఉత్తరాలు ఆ ద్వారం గుండానే నడిచాయి. పట్టికలో ఒక పేరు, లోకంలో మరొక పేరు! సుమారు ఇరవైయేళ్లు ఈ వైరుధ్యం కొనసాగింది. చివరకు 2018 జనవరిలో వెలువడిన 8314వ ఆర్.ఎఫ్.సి. పత్రం వాడుకను గౌరవించి, 465ను రహస్యలిపిలో ఉత్తరాలను అప్పగించే సేవ పేరున కూడా తిరిగి నమోదు చేయించింది. ఒకే రవాణా పద్ధతిలో ఒకే సంఖ్యకు రెండు సేవలు ఉండడం నియమానికి అపవాదమని, దానిని ఆదర్శంగా తీసుకోరాదని అంగీకరిస్తూనే ఆ పని జరిగింది.

ఈ కథలో రెండు పాఠాలున్నవి. ఇచ్చిన సంఖ్యను వెనక్కు తీసుకోవడం సులభం కాదు. తీసుకొన్నా వెంటనే మరొకరికి ఇవ్వరాదు. రెండవది, ప్రజల వాడుకకు దూరమైన పట్టిక నిఘంటువులో మిగిలిపోయిన మృతపదం వంటిది. పట్టిక వాడుకను తీర్చిదిద్దాలి. వాడుకను గమనిస్తూ తానూ తీర్చబడాలి.

నమోదుకు ఉన్న హద్దులు

నమోదు అంటే యాజమాన్యం కాదు. సంఖ్యను పొందినవాడు దానిని అమ్ముకోజాలడు, మరొకరికి బదిలీ చేయజాలడు. నమోదు అంటే యోగ్యతాపత్రమూ కాదు. పట్టికలో పేరు ఉన్నంత మాత్రాన ఆ సేవ మంచిదని అయానా హామీ ఇచ్చినట్లు కాదు. నమోదు అంటే కాపలా అంతకన్నా కాదు. ఎవరైనా తమ కంప్యూటరులో 80వ ద్వారం వెనుక వేరొక సేవను ఉంచుకోవచ్చు; మోసకారి ప్రోగ్రాము 443 వెనుక దాగి ఉండవచ్చు. సంఖ్యను చూసి లోపలివారిని నమ్మడం, తలుపుపై రాసిన పేరు చూసి ఇంటిలోనివారి గుణం నిర్ణయించడం వంటిది. నమ్మకానికి వేరే పరీక్షలున్నవి. అవతలి కంప్యూటరు తన గుర్తింపును రుజువు చేసుకొనే డిజిటల్ ధ్రువపత్రం వాటిలో ఒకటి.

మరి ఇన్ని హద్దులున్న నమోదు ఎందుకు? ఇద్దరు అపరిచితులు ముందుగా మాట్లాడుకోకుండానే కలుసుకోవడానికి. నవాబుపేటలో ఒక విద్యార్థిని తెరిచిన పుట, ఆమె ఎన్నడూ చూడని ఊరిలోని యంత్రాన్ని చేరుతున్నదంటే, "భద్రమైన వెబ్‌కు 443" అన్న చిన్న మాటను ఇద్దరూ పాటించినందువల్లనే. ఆ మాటను అమలు చేయించే పోలీసు లేడు. ఉల్లంఘిస్తే విధించే జరిమానా లేదు. అయినా అది నిలుస్తున్నది. 22 తనకు తగినదని తెలిసినా వాడే ముందు అడిగినవారు ఉండడం, అడిగినవారికి జాప్యం లేకుండా జవాబిచ్చినవారు ఉండడం, ఇచ్చినదానిని అందరూ చూసేలా రాసిపెట్టినవారు ఉండడం దానికి కారణాలు. అంకెకు స్వతహాగా అర్థం లేదు. నలుగురి సమ్మతి దానికి అర్థమిస్తుంది; దాపరికం లేని పట్టిక ఆ అర్థాన్ని నిలుపుతుంది.

పదాలు - అర్థాలు

దస్తూరి : చేతిరాత
సుబోధకం : సులభంగా అర్థమయ్యేది
లాక్షణికులు : ఛందోవ్యాకరణాది లక్షణాలను చెప్పిన శాస్త్రకారులు
ప్రస్తారం : గురులఘువుల అమరికలన్నిటినీ క్రమంగా పరచడం
యాదృచ్ఛికం : అనుకోకుండా జరిగినది
ప్రతిధ్వని : ఎదుటివస్తువును తాకి తిరిగివచ్చే ధ్వని
సంకేతపదం : ప్రవేశానికి వాడే రహస్యపదం
చేద : బావి నుండి నీరు తోడే పాత్ర
అపవాదం : సాధారణ నియమానికి లోబడని మినహాయింపు

అభ్యాసం

అ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పిన్‌కోడు ఏ సంవత్సరంలో ప్రవేశపెట్టబడినది?
2. అష్టి ఛందంలో పాదానికి ఎన్ని అక్షరాలు?
3. ఎవరికీ కేటాయించని పోర్టు సంఖ్యలు ఏవి?

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. వృత్తసంఖ్యకు, పోర్టు సంఖ్యకు గల భేదాన్ని వివరించండి.
2. పాత సేవల సంఖ్యలు బేసి సంఖ్యలుగా ఉండడానికి కారణమేమి?
3. 22వ పోర్టు కేటాయింపు జరిగిన తీరును తెలపండి.

ఇ) వ్యాసరూప సమాధానం రాయండి.
1. 465వ పోర్టు కథ ఆధారంగా, నమోదు పట్టికకు, ప్రజల వాడుకకు మధ్య ఉండవలసిన సంబంధాన్ని చర్చించండి.

ఈ) భాషాకార్యం
1. మీ ఊరిలో ఒప్పందంపై నడిచే సంఖ్యలను (ఇంటి సంఖ్య, బస్సు సంఖ్య, భూమి సర్వే సంఖ్య వంటివి) సేకరించి, వాటిలో ఒకదానిని ఎవరు ఇస్తారో, ఎక్కడ నమోదు చేస్తారో అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.